తెలుగులో తిట్టిన దాది

లండన్,
1947 నవంబరు 9.

చిరంజీవి పున్నమ్మకు అమ్మ మార్తమ్మ దీవించి రాసేది.

ఒంట్లో బాగానే ఉంది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

నువ్వు పోయిన ఉత్తరంలో ఒకటే అడిగావు, ఎప్పుడొస్తావని. ఓడలో చోటు ఇంకా దొరకలేదమ్మా. యుద్ధం నుంచి తిరిగొచ్చే సిపాయిలను, కొలువులు మానుకుని వచ్చే దొరలను ఇటు చేర్చడానికే ఓడలన్నీ సరిపోతున్నాయట, అటు పోయేవాళ్లకు చోటివ్వడం లేదట. గుంటూరు స్టేషన్లో నీకు ఆరు నెలలని చెప్పి రైలెక్కాను. ఏడాది కావస్తున్నది. దొరసాని మాత్రం ప్రతి నెలా, వచ్చే నెల తప్పకుండా అంటుంది. ఆమె అబద్ధమాడుతున్నదని నేననుకోను. మీ నాన్న నాపరాళ్ల క్వారీలో పోయినప్పుడు మాచర్ల బంగళాలో ఆయా పని ఇచ్చి మనల్ని నిలబెట్టింది ఆమే. ఇక్కడ ఆమె కూడా బొగ్గుల కోసం వీధిలో వరసన నిలబడుతున్నది.

నేను ఎవరి కోసం వచ్చానో ఆ పిల్లలిద్దరినీ దూరాన బోర్డింగు బడిలో వేశారు. పొద్దున లేచి వాళ్ల మంచాల మీద దుప్పట్లు సర్దుతాను. సర్దడానికేముంది, ఎవరూ పడుకోని మంచాలు. నేను తెలుగు మాట పైకి అనడం జపమాల చెప్పుకునేటప్పుడే. అప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినపడుతుంది.

ఇంట్లో ఊరికే కూర్చుంటున్నానని దొరసాని అక్కగారు నన్ను తన పనిలోకి తీసుకుపోయింది. ఆమె నాటకాల బట్టలు కుట్టించే చోట పెద్ద. మన కాన్వెంటు సిస్టర్లు నేర్పిన లేసు పని ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. ఆ నాటకాలు పందిట్లో ఆడేవి కావు. ఇక్కడ టెలివిజన్ అని ఒకటి ఉంది. రేడియో లాంటి పెట్టెకు చిన్న అద్దం ఉంటుంది. కొండ మీద ఒక మేడలో మనుషులు ఆడుతుంటే, ఎక్కడో ఇళ్లలో కూర్చున్నవాళ్లకు ఆ అద్దంలో కనపడతారు, మాటా వినపడుతుంది. ఆ బొమ్మను దాచిపెట్టే వీలు లేదు. ఆడినంతసేపే ఉంటుంది, తర్వాత పోతుంది.

ఇప్పుడు ఫ్రెంచి దేశపు పాత హాస్య నాటకం ఒకటి తయారవుతున్నది. తెల్లగుడ్డ బొమ్మ తీసే యంత్రానికి పడదు, మెరిసిపోయి మనిషి మొహం కనపడనివ్వదు. అందుకని లేసంతా టీ నీళ్లలో ముంచి ఆరేస్తున్నాను. గుడ్డ కరువు గదా, కిటికీ తెరలు చింపి గౌన్లు కుడుతున్నాం. కథానాయిక వేసే పిల్ల పేరు డోరతి. నీ ఎత్తే ఉంటుంది. కొలతలకు భుజం మీద చెయ్యి వేస్తే నీ మీద వేసినట్లే ఉంది. నేను తీసుకుపోయిన అన్నం రెండు ముద్దలు ఆమెకూ పెడుతున్నాను.

మామయ్యకూ అత్తకూ నా వందనాలు చెప్పు. తలకు నూనె పెట్టుకో.

మీ అమ్మ,
మార్తమ్మ.


నరసరావుపేట,
1947 డిసెంబరు 3.

అమ్మకు పున్నమ్మ నమస్కరించి రాయునది.

నీ ఉత్తరం గురజాలలో ఇన్నయ్య మామయ్యకు అందింది. ఆదివారం పూజ అయ్యాక చర్చి ముందు నలుగురిలో నిలబడి దాన్ని పైకి చదివాడట. చెల్లెలు లండన్ నుంచి రాసిందని ఆయన సంబరం. నేను సెలవుకు పోయేసరికి ఊళ్లో వేరే కథ తిరుగుతున్నది. మార్తమ్మ నాటకాల కంపెనీలో చేరిందనీ, అందుకే రావడం లేదనీ. టెలివిజన్ అంటే ఏమిటో మామయ్యకే తెలియదు, వాళ్లకేం చెప్తాడు. అత్త మూడు రోజులు నీళ్లకు కూడా పోలేదు.

పక్కింటి కోటేశ్వరమ్మవ్వ నన్ను పిలిచి కూర్చోబెట్టి, "మీ అమ్మ ఆడ ఇంకో పిల్లను సాకుతుందంట గదే. ఇంక నీకాడికేం వస్తది?" అంది. నేను నవ్వి లేచి వచ్చాను. తర్వాత ఉత్తరం మళ్లీ చదివాను. ఆ అమ్మాయికి అన్నం కలిపి పెడుతున్నావని నువ్వే రాశావు. నేను బోర్డింగులో ఏం తింటున్నానో ఆ ఉత్తరంలో ఎక్కడా అడగలేదు. నూనె పెట్టుకోమన్నావు. నాకు పద్దెనిమిదేళ్లు, ఇక్కడ కాన్వెంటు బడిలో టీచరుగా ఉన్నాను. తలకు నూనె పెట్టుకోవడం తెలుసు.

నైజాంలో గొడవలకు భయపడి కృష్ణ దాటి వచ్చిన కుటుంబాలు మాచర్ల నుంచి ఇక్కడిదాకా నిండిపోయాయి. కొందరు పిల్లల్ని సిస్టర్లు మా దగ్గర ఉంచారు. ఒక పిల్ల రోజూ నా కొంగు పట్టుకుని, "మాయమ్మ ఎప్పుడొస్తదక్కా" అని అడుగుతుంది.

ఓడ దొరికితే రాయి.

పున్నమ్మ.


లండన్,
1948 జనవరి 18.

నా తల్లి పున్నమ్మకు,

నీ ఉత్తరం చదివి తట్టుకోలేకపోయాను. డోరతికి ఇద్దరు తల్లుల పాటి తల్లి ఉంది. రోజూ సాయంత్రం గొడుగు పట్టుకుని వచ్చి ఆమెను తీసుకుపోతుంది. నేను ఆ అమ్మాయిని సాకడం లేదు. ఇక్కడ అన్నం అంటే అందరూ వింతగా చూస్తారు, ఆమె ఒక్కతే ఇలా పెట్టమంది, పెట్టాను. అంతకంటే ఏమీ లేదు. నువ్వు ఏం తింటున్నావని అడగకపోవడం మాత్రం తప్పే. అడిగి ఇంత దూరం నుంచి ఏం చేయగలనని అడగలేదు.

నాటకాల కంపెనీలో చేరలేదు, కుట్టుపనే చేస్తున్నాను అని గట్టిగా రాద్దామని కూర్చున్నాను. ఇప్పుడు అలా రాయడానికి లేదు. జరిగింది చెప్తాను, మామయ్యకు చూపించాలో లేదో నువ్వే చూసుకో.

ఆ నాటకంలో ఒక వర్తకుడు ఉంటాడు. డబ్బయింది గానీ పెద్దింటివాడని ఎవరూ అనడం లేదని ఆయన బాధ. పెద్ద ఇళ్లలో ఉంటుందని తన కూతురికి ఎక్కడో దేశంగాని దేశం నుంచి ఒక దాదిని తెప్పిస్తాడు. ఆమె మాట ఎవరికీ తెలియదు. కూతురు గడియారాలు చేసేవాడి కొడుకును ఇష్టపడుతుంది. తండ్రి ముసలి జమీందారును చేసుకుంటావా, లేకపోతే కన్యాస్త్రీల మఠంలో వేయమంటావా అని గది తలుపు బిగించి దాదిని కాపలా పెడతాడు. చివరికి ఆ దాదే పిల్లను బాగా తిట్టి, తిట్టి, గడియ తీసి ఆ కుర్రాడి దగ్గరికి పంపేస్తుంది.

దాది వేయాల్సిన ఆమెకు జబ్బు చేసింది. నాటకం ఆడించే దొర నేను గౌను పట్టుకుని నిలబడి ఉంటే చూసి, ఈమె సరిపోతుంది అన్నాడు. నీ భాషలో నోటికొచ్చింది తిట్టు, ఎవరికీ అర్థం కాదు, అందుకే నవ్వుతారు అని డోరతి చేత నాకు విడమరచి చెప్పించాడు.

నేను వెంటనే కాదనలేదు. ఎందుకో రాస్తే నువ్వు నవ్వుతావేమో. ఒక గదిలో మనుషుల మధ్య నిలబడి గట్టిగా తెలుగు మాట్లాడమని నన్ను ఒకరు అడిగారు. అంతే.

నీకు ఇష్టం లేకపోతే ఒక్క ముక్క రాయి, మానేస్తాను. నాటకం ఫిబ్రవరి చివరి ఆదివారం. వెంటనే జవాబు రాయి.

నీ అమ్మ.


నరసరావుపేట,
1948 ఫిబ్రవరి 20.

అమ్మకు,

గాంధీగారు పోయినప్పుడు బడి మూశారు, తర్వాత నాకు జ్వరం వచ్చింది. అందుకే ఆలస్యం. ఇప్పుడు తగ్గింది.

నాటకం సంగతి నీ ఇష్టం. మామయ్యకు చూపించలేదు.

నేనూ ఒకటి తేల్చుకున్నాను. ఈస్టరు పాస్కా పండగ అయ్యాక గుంటూరు మఠంలో చేరుతున్నాను. మఠం పెద్ద మదర్‌గారితో మాట్లాడాను. తల్లి ఒప్పుకోలు ఉండాలన్నారు. నువ్వు ఆమెకు ఒక ఉత్తరం రాస్తే చాలు. చిన్నప్పుడు మన ఇంట్లో ఒకరు దేవుడి సేవకు పోతే బాగుండునని నువ్వే అనేదానివి, కాబట్టి సంతోషిస్తావని అనుకుంటున్నాను.

అక్కడైతే ఎవరి కోసమూ ఎదురుచూడాల్సిన పని ఉండదు. నువ్వు కూడా ఇక నా కోసం ఓడ వెతుక్కోనక్కర్లేదు. ఆ పని బాగుంటే అక్కడే ఉండిపో.

కృష్ణ దాటి వచ్చిన పిల్లను వాళ్లమ్మ వచ్చి తీసుకుపోయింది. పోయేటప్పుడు నా వైపు తిరిగి చూడను కూడా లేదు. వాళ్లమ్మ దొరికితే నన్నెందుకు చూస్తుంది.

పున్నమ్మ.


లండన్,
1948 మార్చి 14.

పున్నమ్మా,

మఠం మదర్‌గారికి నేను ఇంకా ఏమీ రాయలేదు. ముందు ఇది చదువు.

నాటకం రెండుసార్లు ఆడతారు. ఆదివారం ఒకసారి, గురువారం మళ్లీ మొదటి నుంచి. ఆదివారం యంత్రాల ముందు పెద్ద పెద్ద దీపాలు పెట్టారు. ఆ దీపాల వేడికి మొహం మీది రంగు కారుతున్నది. ఏం తిట్టాలో తోచక గుంటూరు నుంచి మాచర్ల దాకా గుర్తొచ్చిన ఊళ్ల పేర్లన్నీ కోపంగా చదివాను. నాదెండ్లా, నరసరావుపేటా, నకరికల్లా, గురజాలా అని డోరతి మొహం ముందు వేలు ఆడిస్తూ అన్నాను. యంత్రాల వెనకున్న వాళ్లు నవ్వు ఆపుకోలేక నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. నాకూ నవ్వొచ్చింది. ఇంటికొచ్చి పడుకుంటే చాలా కాలానికి నిద్ర పట్టింది.

బుధవారం నీ ఉత్తరం అందింది.

గురువారం పోకూడదనుకున్నాను. కానీ నేను పోకపోతే నాటకం ఆగుతుంది. పోయి, రంగు పూయించుకుని, నా వంతు వచ్చేదాకా చెక్క గోడ వెనక నిలబడ్డాను. గోడకవతల తండ్రి వేషం వేసిన ఆయన, మఠంలో వేస్తాను, మఠంలో వేస్తాను అని కూతురి మీద అరుస్తున్నాడు. అది హాస్యం. నాకు ఆ ఇంగ్లీషు మాట బాగా తెలుసు.

నేను లోపలికి పోయాను. డోరతి తల వంచుకుని నిలబడి ఉంది. ఊళ్ల పేర్లు ఒక్కటీ నోటికి రాలేదు. నేనన్నది ఇది. ఉన్నదున్నట్లు రాస్తున్నాను.

"పున్నమ్మా, పోమాకే. దేవుడు పిలిస్తే పో, నేను అడ్డం రాను. నా మీద కోపంతో ఐతే పోమాక. నిన్నొదిలి వచ్చింది నేను. నన్ను తిట్టు, నా మొహాన తలుపెయ్యి. అంతేగాని నా మీద కసికి నువ్వు పోయి గోడల మధ్యన కూకుంటే ఎట్టానే? నీకు జొరమొస్తే నుదురు పట్టి చూసిందెవరు? నేనొచ్చిందాకా ఉండవే. నేనొచ్చినాక నీ ఇష్టమొచ్చినకాడికి పో."

ఇంకా ఏమేమో అన్నాను. అనాల్సినదానికంటే ఎక్కువసేపు అన్నాను. గడియ తీయాల్సిన చోట తీయలేదు, తలుపుకు వీపు ఆనించి నిలబడిపోయాను. నాటకంలో అలా లేకపోయినా డోరతి దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు గడియ తీశాను.

అయ్యాక దొర వచ్చి నా భుజం తట్టాడు. ఆదివారం కంటే ఇవాళ బాగా నవ్వించావు అన్నాడు.

ఈ సంగతి నీకు రాయకూడదనే అనుకున్నాను. ఆ పెట్టెలోంచి బొమ్మ పోయినట్లే ఆ మాటలూ పోయాయని ఊరుకున్నాను. మూడు రోజుల తర్వాత ఒక ముసలాయన కొండ మీది మేడకు వచ్చి, దాది వేసినామె ఎవరని అడిగాడట. నన్ను పిలిచారు. నల్ల అంగీ, చేతిలో కర్ర. నన్ను చూసి, "ఏమ్మా, మీది యాడ, గురజాల పక్కనా?" అన్నారు.

గురజాలేనండీ, అన్నాను.

ఆయన ఫాదరు. యుద్ధానికి ముందు కారెంపూడి వైపు ఊళ్లలో గుర్రం మీద తిరిగి పూజ చెప్పేవారట, అందరూ గుర్రం ఫాదరు అనేవారట. మలేరియా వచ్చి తిరిగి రావాల్సి వచ్చిందట. గురువారం మేనకోడలి ఇంటికి పోతే అక్కడ ఆ పెట్టె ఉంది. గదిలో అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారట. ఆయన ఒక్కరే కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. ఆ మనిషి ఏడుస్తున్నది, మీరు నవ్వుతారేంటని అడిగితే వాళ్లకు అర్థం కాలేదట.

చాలాసేపు మాట్లాడుకున్నాం. నడుమ నడుమ ఆయన తెలుగు మాట దొరక్క ఆగిపోయేవారు. నేను అందిస్తే తలూపేవారు. పోయేముందు, ఆ మాటలు నేను విన్నాను గానీ వినాల్సింది నేను కాదు గదా, అమ్మాయికి రాయి అన్నారు. అందుకని రాస్తున్నాను.

దేవుడు నిన్ను నిజంగా పిలిచి ఉంటే చెప్పు. ఆ రోజే మదర్‌గారికి సంతోషంగా రాస్తాను. ఈ ఉత్తరం పండగ లోపల నీకు అందాలని ఎక్కువ రుసుము పెట్టి విమానం టపాలో వేస్తున్నాను.

అమ్మ.


గురజాల,
1948 ఏప్రిల్ 1.

అమ్మా,

నీ ఉత్తరం పాస్కాకు మూడు రోజుల ముందు, పెద్ద గురువారం నాడు అందింది. అప్పటికి నా పెట్టె సర్ది ఉంది. ట్రంకు మీదే కూర్చుని చదివాను. చదివి, మదర్‌గారి దగ్గరికి పోయి మొత్తం చెప్పాను. నా పిలుపులో దేవుడెంత, కోపమెంత అని అడిగారు. తెలియదన్నాను. ఐతే తెలిసిందాకా ఆగు, దేవుడికి తొందరేం లేదు అన్నారు.

ఇప్పుడు మామయ్య ఇంట్లో ఉన్నాను. ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. నాటకం మాట వస్తే మొహం ముడుచుకున్నాడు. ఊళ్ల పేర్ల దగ్గరకు వచ్చేసరికి ఆపి, "నకరికల్లు కూడా అందా?" అని మళ్లీ అడిగాడు. ఆ తర్వాత నీ మాటలు చదువుతుంటే లేచి దొడ్లోకి పోయాడు. చాలాసేపు రాలేదు. అత్త నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

కోటేశ్వరమ్మవ్వ మళ్లీ వచ్చింది. మీ అమ్మ ఆడ ఏం వేషం కట్టిందే అంది. నన్ను పోనీయకుండా తలుపుకు అడ్డం నిలబడే వేషం అని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. అర్థం చెప్పాలని నాకూ అనిపించలేదు.

జ్వరం వచ్చినప్పుడు నుదురు పట్టి చూసింది సిస్టర్ గారు. మంచామె. కానీ ఆమె చెయ్యి చల్లగా ఉంటుంది. నీ చెయ్యి ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని చూశాను, రాలేదు. అప్పుడు నాకు భయమేసింది. మఠం మాట అనుకున్నది ఆ జ్వరంలోనే.

నాకు ఇంకా కోపం పోలేదు. అది కూడా రాయాలి గదా. నువ్వు ఎవరో తెలియని పిల్ల ముందు నిలబడి అన్న మాటలు కాగితం మీద చదువుకుంటే నాకు సరిపోలేదు. నువ్వు రా. వచ్చి నా ఎదురుగా నిలబడి అవే మాటలు అను. ఎంతసేపైనా అను. నేను నవ్వను.

నీ కూతురు,
పున్నమ్మ.


లండన్,
1948 జూన్ 27.

నా బంగారు తల్లికి,

ఓడ దొరికింది. గుంటూరు పోయే సిస్టర్లలో ఒకామెకు నడుము పట్టేసి ఉంది. దారిలో చూసుకోవడానికి మనిషి కావాలంటే ఫాదరుగారు నా పేరు చెప్పారు. దొరసాని కూడా వచ్చి వాళ్లతో మాట్లాడింది. ఇన్నాళ్లూ తను చేయలేకపోయిందని ఆమె బాధపడింది. మంగళవారం ఓడ ఎక్కుతున్నాను. నెలలోపల బొంబాయిలో దిగుతాం. అక్కడి నుంచి తంతి ఇస్తాను.

కుట్టుపని చోట డోరతి నాకు ఉన్ని శాలువ ఇచ్చింది. ఆమె ఇప్పుడు వేరే నాటకంలో ఉంది. నేను దాది వేషంలో అన్నదాని అర్థమేమిటని ఆమె ఇన్నాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పోతున్నానని చెప్పిన రోజున, పున్నమ్మ అంటే నీ కూతురే కదా అని అడిగింది. అవునన్నాను.

నిన్న ఫాదరుగారిని చూసి వద్దామని పోయాను. ముసలి ఫాదర్లంతా ఉండే ఇల్లు అది. పెద్ద తోట, ఎక్కడా అలికిడి లేదు. ప్రతి ఆదివారం నేను పోయి కూర్చునేదాన్ని. పంటల సంగతి, వానల సంగతి అడిగేవారు. కారెంపూడిలో తనకు తెలిసినవాళ్ల పేర్లు చెప్పి, ఉన్నారా అనేవారు. నాకు తెలిస్తే తెలుసనేదాన్ని, తెలియకపోతే ఉండే ఉంటారనేదాన్ని.

ఓడ సంగతి చెప్పగానే సంతోషమన్నారు. నిన్ను ఆశీర్వదించానని చెప్పమన్నారు. నేను ఇక లేస్తానన్నాను.

"కాసేపు కూర్చోమ్మా," అన్నారు. "ఏదో ఒకటి మాట్లాడు. నువ్వు పోయినాక నాతో మాట్లాడేవాళ్లు ఉండరు. తిట్టినా సరే."

బల్ల మీద ఆయన మధ్యాహ్నపు తిండి చల్లారిపోయి అలాగే ఉంది. అది చూసి, ఇదేంది ఇట్టా వదిలేశారు, తినకపోతే ఒంట్లోకి సత్తువ యాడ నుంచి వస్తది, మఫ్లరు మెడకు చుట్టుకోకుండా ఒళ్లో పెట్టుకుంటే చలి ఆగుద్దా అని మొదలుపెట్టాను. మన ఇంటి పెద్దవాళ్లను అన్నట్లే అన్నాను. ఆయన కళ్లు మూసుకుని, వెనక్కి ఆనుకుని వింటున్నారు. నేను ఆపితే కళ్లు తెరుస్తున్నారు. అందుకని ఆపలేదు. ప్రార్థన గంట కొట్టేదాకా తిడుతూనే ఉన్నాను.

అమ్మ.